రేకుల షెడ్డు మీద రాళ్ళు

ఆ రేకుల షెడ్డు వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. పగలైనా సరే, తప్పనిసరి అయితే నలుగురు కలిసి, అవసరం లేకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ దాటిపోతారు. నేను చూసింది కాదు, విన్నది చెబుతున్నాను. విన్నది కూడా అక్కడ ఒక రాత్రి గడిపిన మనిషి నోటి నుంచే. కాకపోతే ఆ మనిషి మాట ఎంతవరకు నమ్మొచ్చన్నదే చిక్కు. అందుకే ఆయన మేనకోడల్ని కూడా అడిగి, ఆమె కొట్టేసిన చోటల్లా నేనూ కొట్టేశాను.

షెడ్డు అడవి మధ్యలో ఉంది. ముప్పై ఏళ్ళ కిందట అక్కడ కలప కోసే రోజుల్లో రంపాలు, గొలుసులు, డీజిలు పీపాలు దాచుకోవడానికి కట్టారు. కోత ఆగిపోయింది, ట్రాక్టర్లు వెళ్ళిపోయాయి, షెడ్డు మిగిలింది.

రాత్రయితే దాని కప్పు మీద రాళ్ళు పడతాయి.

ఒకటి పడుతుంది... కాసేపు ఏమీ ఉండదు... పోయిందిలే అనుకునేసరికి ఇంకొకటి. విసిరేవాళ్ళు కనపడరు. తెల్లారి చూస్తే కప్పు మీద ఒక్క రాయి కూడా ఉండదు.

అది ఆడదెయ్యం అంటారు. ఒక పెద్ద మాను మీద కాపురం ఉండేదట. మానుని కోసేశారు. నిలవ నీడ లేక షెడ్డులో చేరి, చెట్టు కొట్టిన చేతులు ఆ దరిదాపుల్లోకి వస్తే రాళ్ళేస్తుందట. ఇల్లు పోయిన ఆడమనిషి కోపం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఎవరూ ఆ మాట కాదనలేదు.

ఇక ఆ రాత్రి అక్కడ గడిపిన మనిషి. ఆయన్ని అందరూ కోతల మేస్త్రీ అంటారు. రంపం పట్టే ముఠాకి మేస్త్రీగా చేశాను కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన అంటాడు. మిగతావాళ్ళు ఇంకో కారణం చెబుతారు. ఒకే పూటలో పన్నెండు మానులు పడగొట్టాడట. పడుతున్న చెట్టు మీద నిలబడి మెట్లు దిగినట్టు దిగాడట. ఆయన రంపం మోత వింటే అడవిపందులు పక్కకు తప్పుకుని దారిచ్చేవట. అన్నిటికన్నా పెద్ద కోత చివర్లో, మీసం సవరించుకుని మరీ కోసేవాడు — ఈ అడవిలో ఆఖరి రాణిమానుని పడగొట్టింది ఈ చేతులే అని.

రాణిమాను కోసమే అసలు రంపాలు ఆ అడవిలోకి వచ్చాయి. నలుగురు చేతులు కలిపినా అందని మొదలు, ఎర్రటి చేవ, గోలీకాయంత గట్టి గింజ. దాన్ని నరికి లాక్కెళ్ళే దారిలో చిన్నాచితకా చెట్లు వందలు నలిగిపోయాయి. అలా ఖాళీ అయిన అడవి తనంతట తాను మళ్ళీ లేస్తుందా లేదా అని చూడడానికి ఇరవై చదరాలు గుర్తుపెట్టి, అయిదేళ్ళకోసారి వచ్చి అందులో చెట్లని కొలిచేవాళ్ళు. ఈసారి కొలిచే బృందానికి నాయకురాలు మేస్త్రీ మేనకోడలే. అక్క కూతురు. ఆకు నలిపి వాసన చూసి చెట్టు పేరు చెప్పగలిగే మనిషి కావాలని మామయ్యని వెంటబెట్టుకు వచ్చింది.

వచ్చేటప్పుడే ఒక మాట తీసుకుంది. "మామయ్యా, ఈ పది రోజులూ ఒక్క కోత కూడా కొయ్యకు. చెట్టుదీ వద్దు, మాటదీ వద్దు."

ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. తొమ్మిది రోజులు నిజంగానే నోరు కట్టేసుకున్నాడు. బృందంలో టేపు పట్టే తోడల్లుళ్ళిద్దరూ, వాళ్ళకదే కాలక్షేపం కాబట్టి, ఎంత రెచ్చగొట్టినా పెదవి విప్పలేదు. రొమ్ము ఎత్తులో చెట్టు చుట్టూ టేపు తిప్పడం, కొలత అరవడం, ఆమె రాసుకోవడం. చూస్తే అడవి బాగానే లేస్తోంది. ముందు ఆకు వెడల్పుగా, మాను మెత్తగా ఉండే తొందర చెట్లు వచ్చాయి. వాటి నీడలో నిదానంగా పెరిగే రకాలు తలెత్తుతున్నాయి. పందొమ్మిది చదరాల్లో అన్నీ ఉన్నాయి, ఒక్క రాణిమాను పిల్ల తప్ప.

ఆ ఒక్కటే కావాలి. పైవాళ్ళు తేల్చి చెప్పేశారు. రాణిమాను తిరిగి రాకపోతే ఇది అడవి కాదు, ఒట్టి పొద. పొదని చదును చేయించి, వరసల్లో ఒకే రకం మొక్క నాటిస్తారు. కాగితం సిద్ధంగా ఉంది, ఈమె రాసిచ్చే మాట కోసమే ఆగింది. జీపు పదకొండో రోజు తెల్లవారి వస్తుంది.

పదో రోజు, ఆఖరి చదరం. పదిహేడో నంబరుది, షెడ్డుకి దగ్గరని చివరికి మిగిల్చారు. అక్కడ చెట్లు కాదు కదా, గడ్డి కూడా సరిగ్గా లేదు. నేల గట్టిపడి సిమెంటులా ఉంది. ముందొచ్చిన బృందాలు కూడా ప్రతిసారీ సున్నా అనే రాసిపోయాయి. ఆమె కూడా సున్నా రాసి పుస్తకం మూసింది. ఆ మూసిన తీరు మేస్త్రీ కంట పడింది. కోసినన్నాళ్ళూ ఎప్పుడూ అనిపించలేదు కానీ, ఇంత అడవిని బోడి చేసిన చేతులు ఇవేనని ఆ క్షణాన సిగ్గేసింది.

అప్పుడు చూశాడు, మూల గూటం కేసి. చెక్క గూటం. మిగతా పందొమ్మిది చదరాలకీ ఇనుప కడ్డీలున్నాయి.

ఇది పదిహేడో చదరం కాదు అమ్మాయ్, అన్నాడు. ఇది దుంగలు పేర్చిన నేల, ట్రాక్టరు తొక్కి తొక్కి చంపేసింది, నూరేళ్ళయినా ఇక్కడేం మొలవదు. మొదటిసారి చదరాలు గీసినప్పుడు తాడు కొస పట్టుకున్నది నేనే. అసలు మూల షెడ్డు వెనక గోడ దగ్గర ఉండాలి. ఎవడో దాన్ని అక్కడే వదిలేసి నలభై అడుగులు ఇవతల ఈ గూటం పాతాడు.

ఎందుకు పాతుతారు మామయ్యా అని ఆమె అడిగింది.

ఎందుకో ఆయనకు తెలుసు. షెడ్డు దగ్గరికి పోవడానికి భయపడి. ఆ మాట అంటే వెనకాల ఇంకో మాట అనాలి, దాని వెనకాల మరొకటి... చివరికి ఏదో సణిగాడు. తోడల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. మేనకోడలు నవ్వలేదు, అదే ఆయనకి ఎక్కువ కష్టమనిపించింది.

"తొమ్మిది రోజులు ఓర్చుకున్నావు, ఇంకొక్క పూట ఓర్చుకోలేకపోయావా? నీ మాట మీద నేను కొలతలు మార్చలేను. కడ్డీ చూపించు, రాస్తాను."

చూపించాలంటే షెడ్డుకి వెళ్ళాలి. అప్పటికే పొద్దు వాలుతోంది. తోడల్లుళ్ళలో పెద్దాయనకి ఉన్నట్టుండి నడుం పట్టేసింది, చిన్నాయనకి పెద్దాయన్ని చూసుకోవాల్సిన బాధ్యత గుర్తొచ్చింది. తెల్లారితే జీపు.

అందరూ పడుకున్నాక కోతల మేస్త్రీ లేచాడు. చేతిలో కత్తి, ఆఖరి ఊపిరి మీదున్న టార్చీ. ఒంటరిగా, రాత్రిపూట, ఆ షెడ్డుకి... ఎంత ధైర్యం అనుకుంటున్నారా? ధైర్యం కాదు. ఆ షెడ్డులో దెయ్యం లేదని ఈ భూమ్మీద ఖచ్చితంగా తెలిసినవాడు ఆయన ఒక్కడే.

ఎందుకంటే దాన్ని పుట్టించింది ఆయనే.

ఇల్లు పోయిన ఆడదెయ్యం, రాళ్ళు, చెట్టు కొట్టిన చేతుల మీద పగ... అంతా ఆయన అల్లిందే. సూపర్‌వైజరు ఆ వైపు రాకూడదని. మొదటి నెల రోజులు చీకట్లో పొదల్లో కూర్చుని కప్పు మీద రాళ్ళేసింది కూడా ఆయనే. తర్వాత చేతులు నొప్పి పుట్టి మానేశాడు. తను మానేసిన ఏళ్ళ తరవాత కూడా రాళ్ళు పడుతూనే ఉన్నాయని జనం అంటుంటే, వీళ్ళు నన్ను మించిపోయారే అనుకుని మురిసిపోయాడు.

కాబట్టి ఆయన కూనిరాగం తీస్తూనే షెడ్డు చేరాడు.

ముప్పై ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి. సగం కప్పు కూలిపోయింది. మిగిలిన సగం మీదికి ఏదో పెద్ద చెట్టు కొమ్మలు వాల్చింది. లోపల అడుగు పెట్టాడు. మెత్తగా తగిలింది నేల. రెండో అడుగు వేశాడు... మోకాళ్ళ దగ్గర ఏవో చిన్న చిన్న చేతులు. చల్లగా, వందలకొద్దీ, పంచెని నిమురుతూ.

కూనిరాగం ఆగిపోయింది.

గడ్డి అయ్యుంటుంది, అని పైకే చెప్పుకున్నాడు. వెనక గోడ దగ్గరికి వెళ్ళి, టార్చీ కింద పెట్టి, కత్తితో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

టంగ్...

కప్పు మీద. సరిగ్గా తల పైన.

చెయ్యి గాల్లోనే ఆగింది. పైన పడ్డదేదో దొర్లింది, దొర్లుతూ అంచుదాకా వచ్చింది... కింద పడింది. నిశ్శబ్దం. ఆకు రాలిందేమో అనుకుందామంటే ఆకు టంగుమనదు. కొమ్మ విరిగిందేమో అనుకుందామంటే కొమ్మ దొర్లదు.

టంగ్... టంగ్...

ఇప్పుడు రాళ్ళేసే మేస్త్రీ షెడ్డు లోపలున్నాడు. మరి పైన ఎవరు?

టార్చీ ఒకసారి మినుకుమని ఆరిపోయింది. ఆయన అరచేత్తో దాన్ని కొట్టాడు, ఊదాడు, బతిమాలాడు. వెలగలేదు. ఆ చీకట్లో, చాలా దగ్గరగా, ఎవరో తడి చీర దులిపినట్టు చప్పుడైంది. ఫడ్... ఫడ్... గాలి చెంపకు తగిలింది. వెంటనే మెడ మీద ఏదో పడింది. తడిగా, జిగటగా, ఇంకా కొంచెం వెచ్చగా...

పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి పరిగెత్తబోయి, కాలికి ఏదో అడ్డం తగిలి ముందుకు పడ్డాడు. పడుతూ దాన్నే పట్టుకున్నాడు. చల్లగా, సన్నగా, ఎముకలా ఉంది. వదలడానికి వేళ్ళు రావడం లేదు.

నోరు మాత్రం వచ్చింది. అడవి చెట్లన్నీ తెలిసిన మనిషి, ఆ చప్పుళ్ళన్నీ పగలైతే ఇట్టే పోల్చుకునేవాడే. భయం పట్టినవాడికి తెలిసింది ఏదీ గుర్తుకు రాదు. రెండు చేతులూ ఆ ఎముకకే జోడించి, గుసగుసగా మొదలుపెట్టాడు.

"తల్లీ... నీ మీద కథలు కట్టింది నేనే, తప్పయిపోయింది... కానీ నీ మానుని నేను కొయ్యలేదు తల్లీ..."

టంగ్.

"ఒట్టు... ఈ షెడ్డు వెనక వాలు మీది రాణిమాను... అది ఇంకా పడలేదు... ఆ రోజు ఎండ మండిపోతోంది. రంపం రెండు వేళ్ళు దిగాక కళ్ళు మూతలు పడ్డాయి... దాని నీడలోనే పడుకున్నాను. లేచేసరికి సాయంత్రం. పడగొట్టానని రాయించేశాను. మొదలు చూడ్డానికి సూపర్‌వైజరు ఎక్కడొస్తాడోనని... అందుకే నిన్ను పుట్టించాను. అంతే తల్లీ... దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు..."

చీకట్లో, గుమ్మం దగ్గర్నుంచి, ఒక ఆడగొంతు నెమ్మదిగా అడిగింది.

"ఏ మాను?"

ఆ తరవాత కాసేపు ఏం జరిగిందో మేస్త్రీ చెప్పలేదు. మేనకోడలు చెప్పింది. మామయ్య గుండెలు పగిలేలా కేక పెట్టి, డీజిలు పీపాని కావలించుకుని, దానితో కూడా మాట్లాడాడట. పక్క ఖాళీగా కనపడితే, ఈ వయసు మనిషికి ఏమైనా అయితే అమ్మకేం సమాధానం చెప్పాలా అని ఆమె వెతుక్కుంటూ వచ్చింది. తోడల్లుళ్ళు తోడు రాలేదు, మంచి టార్చీ మాత్రం ఇచ్చి పంపారు. గుమ్మం దాకా వచ్చాక లోపల గుసగుసలు వినపడి, టార్చీ ఆర్పేసి, అంతా అక్కడే నిలబడి వింది.

ఇప్పుడు మళ్ళీ వెలిగించింది. వెలుతురు పైకి కొట్టింది.

గబ్బిలాలు. దూలాల నిండా, పైకి వాలిన తొందర చెట్టు కొమ్మల నిండా, తలకిందులుగా వేలాడుతూ. ఒక్కోదాని నోట్లో ఒక్కో కాయ. వెలుగు పడగానే పక్కనున్నది రెక్కలు ఫడఫడలాడించింది. ఇంకొకటి గుజ్జు తినేసి గింజని వదిలేసింది. టంగ్... అది రేకు మీంచి దొర్లి, అంచు దాటి, షెడ్డు చుట్టూ ఉన్న మట్టిలో పడింది.

మేస్త్రీ మెడ మీద గుజ్జు తుడుచుకుని వాసన చూశాడు.

"అమ్మాయ్... లైటు కిందికి పట్టు."

పట్టింది. ఆయన మోకాళ్ళని నిమిరిన చిన్న చేతులు అక్కడే ఉన్నాయి. కప్పు కూలిన చోట నేలంతా మొక్కలు, గోడ అవతల ఇంకా దట్టంగా, నడుమెత్తువి, తలెత్తువి, షెడ్డు చుట్టూ గుంపులు గుంపులుగా. ఆయన ఒక ఆకు తుంపి నలిపి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. రాణిమాను. ఎన్నేళ్ళ నుంచో రాత్రిపూట దెయ్యం వేస్తున్న రాళ్ళు ఇవే. చుట్టూ అడవంతా వెతికి, ఇక్కడికి మాత్రం రావడానికి భయపడి, కొలిచేవాళ్ళు ప్రతిసారీ సున్నా రాసి వెళ్ళిపోయారు.

ఇందాక ఆయన చేతులు జోడించి మొక్కిన ఎముక వైపు ఆమె టార్చీ తిప్పింది. ఇనుప కడ్డీ. దాని మీద చెక్కిన అంకె తుప్పులో కూడా తెలుస్తోంది. పదిహేడు.

మేనకోడలు నవ్వలేదు, తిట్టలేదు. గబ్బిలాలకి ఈ కాయలు ఎక్కడివి మామయ్యా, ఆఖరిది నువ్వు కోసేశావు కదా, అని ఒక్క ప్రశ్న అడిగింది. అంతా విని మరీ అడిగింది, దుర్మార్గురాలు. ముప్పై ఏళ్ళుగా మీసం సవరించుకుని చెప్పిన మాట అది. ఆయన తల దించుకుని, తెల్లారాక చూపిస్తా పద, అన్నాడు.

తెల్లారింది. జీపు వచ్చి హారను కొడుతూనే ఉంది. దెయ్యమంటే గబ్బిలాలేనని తెలిశాక తోడల్లుళ్ళ నడుం నొప్పి తగ్గింది. అసలు మూల నుంచి తాడు లాగి, కొత్తగా చదరం గీసి, ఒక్కో మొక్కనీ లెక్కపెట్టారు. నూట పన్నెండు. ఇద్దరూ చెరోసారి లెక్కపెట్టారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇద్దరి మాటా ఒకటే అయింది.

తరవాత మేనమామా మేనకోడలూ వాలు ఎక్కారు. అది నిలబడే ఉంది. అన్నిటికన్నా ఎత్తుగా, కాయల బరువుతో. మొదలు దగ్గర రెండు వేళ్ళ లోతున రంపం గాటు, చుట్టూ బెరడు ఉబ్బి పెదవుల్లా మూసుకుపోతోంది. మేస్త్రీ దాని మీద అరచెయ్యి ఆనించాడు. ఆ ముసలాయన అక్కడ ఏడ్చాడని మేనకోడలు చెప్పింది. చెమట అని ఆయన అంటాడు. ఇక్కడ నేను ఆమె మాటే ఉంచాను.

జీపులో కూర్చుని ఆమె కాగితం పూర్తి చేసింది. అడవి తనంతట తాను తిరిగి వస్తోంది, ఎవరూ చెయ్యి పెట్టకండి అని రాసి సంతకం చేసింది. ఆ సంతకంతోనే చదును చేసే యంత్రాలు ఆగిపోయాయి. కానీ అన్నిటికీ చివర ఒక గడి ఉంటుంది. ఈ చదరంలో మనుషులు చేసిన పని వల్ల ఏదైనా మార్పు జరిగిందా, జరిగితే ఏమిటి, అని. నరికితే నరికారని, కాలిస్తే కాల్చారని అందులో రాయాలి. ఆమె కలం కొరుకుతూ చాలాసేపు ఆలోచించింది. అబద్ధం రాయదు. నిజం రాస్తే మామయ్య పరువు పోతుంది.

ఒక్క వాక్యం రాసి, పైకి చదివింది.

"రంపం మేస్త్రీ పని మధ్యలో నిద్రపోయాడు."

తోడల్లుళ్ళు పగలబడి నవ్వారు. జీపు కదిలింది. మేస్త్రీ మేనకోడలి వైపు వంగి, ఎవరికీ వినపడకుండా చెవిలో అన్నాడు.

"నిద్ర అన్నది కొట్టెయ్యమ్మా... కునుకు అని రాయి."